కడుక్కున్న చేతులు

టైలరమ్మ ఆ వార్డులో అడుగుపెట్టిన మొదటిరోజే పెద్ద సిస్టర్ చేత చీవాట్లు తింది.

తప్పు ఆమెదే. నెలలు నిండకుండా పుట్టిన మనవరాలిని ఎప్పుడెప్పుడు చూద్దామా అన్న ఆత్రంలో చెప్పులు బయట విప్పింది గానీ, చేతులు కడుక్కోవాలన్న సంగతి మరిచిపోయి నేరుగా లోపలికి నడిచింది. నాలుగడుగులు వేసిందో లేదో "ఆగండక్కడ!" అని ఓ కేక. గది నిండా గాజు పెట్టెల్లో పసిగుడ్లు నిద్రపోతున్నారు. ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఆ గొంతు వాళ్ళకి అలవాటే కాబోలు.

"ఎక్కడికమ్మా ఆ పరుగు? బస్సేమన్నా వెళ్ళిపోతోందా?"

"పాపని చూద్దామని..."

"పాపకింకా నడక రాలేదు, ఎక్కడికీ పోదు. ముందు ఆ ఉంగరం తీయండి. మోచేతుల దాకా కడగండి. నేను చాలనేదాకా కడుగుతూనే ఉండండి."

పెద్ద సిస్టర్ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. కళ్ళజోడుకి తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. డాక్టర్లు కూడా ఆమెకి జడిసి గుమ్మం పక్కనున్న సింకు దగ్గర బుద్ధిగా ఆగిపోయేవాళ్ళు. ఆసుపత్రి పెద్దాయన ఎవరో అతిథుల్ని వెంటబెట్టుకొస్తే ఆయన్నీ వరసలో నిలబెట్టి కడిగించిందని నర్సులు గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

టైలరమ్మ కడగడం అయ్యాక ఆవిడే సింకు పక్కనున్న తెల్లటి సీసా ఇటు జరిపింది. పైన నొక్కితే క్రీము వచ్చే సీసా.

"ఇదీ కాస్త రాసుకోండి. రోజుకిన్నిసార్లు కడిగితే చర్మం చిట్లిపోతుంది. మా నర్సు అమ్మాయిల చేతులు పగిలి రక్తాలు కారుతుంటే చూడలేక నేనే తెప్పించి పెట్టాను."

టైలరమ్మ తన వేళ్ళు చూసుకుంది. ఏళ్ళ తరబడి సూది గుచ్చుకుని గుచ్చుకుని చూపుడువేలి కొస గరుకు కాగితంలా అయిపోయింది. "ఈ చేతులతో ముట్టుకుంటే పసిదాని ఒళ్ళు గీసుకుపోదూ?" అంది బెరుగ్గా.

"అందుకే మరి, ఇంకాస్త ఎక్కువ రాసుకోండి" అంది పెద్ద సిస్టర్. ఈసారి గొంతు మెత్తగానే ఉంది. దాంతో టైలరమ్మకి అప్పటిదాకా ఉన్న చిన్నతనం కాస్తా పోయింది.

ఆమె కూతురు ఆ ఆసుపత్రిలోనే కింది అంతస్తులో పడుకుని ఉంది. కడుపుతో ఉండగా రక్తపోటు పెరిగిపోయి, ఇక ఆగితే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పని, ముందే ఆపరేషన్ చేసి పాపని తీసేశారు. కూతురికి ఇంకా తల తిరుగుతూనే ఉంది, పైకి రానివ్వడం లేదు. అల్లుడు కిటికీలకి అద్దాలు బిగించే పని చేస్తాడు. సాయంత్రం పని దిగాక వస్తాడు గానీ పాపని చూస్తే అతనికి ముచ్చెమటలు పోస్తాయి. "నేను పట్టుకుంటే పగిలిపోతుందేమో అత్తయ్యా" అంటాడు. రోజంతా అద్దాలు మోసే మనిషి!

అందుకని పాపని గుండెకి హత్తుకుని కూర్చునే పని టైలరమ్మ మీద పడింది. చర్మానికి చర్మం తగిలేలా ఛాతీ మీద పడుకోబెట్టుకుంటే బిడ్డకి వెచ్చదనం దొరుకుతుందట, ఊపిరి కుదురుకుంటుందట. దాన్ని కంగారూ పద్ధతి అంటారని నర్సు చెప్పింది.

"కంగారు పడొద్దని మీరే అంటారు, మళ్ళీ కంగారూ చెయ్యమని మీరే అంటారు. ఏది చెయ్యమంటారో తేల్చుకోండి" అంది టైలరమ్మ. ఆ మాట వార్డంతా పాకిపోయింది. ఆ తర్వాత ఆమె గుమ్మంలో కనపడితే చాలు, "కంగారమ్మ వచ్చింది" అని నర్సులు నవ్వేవాళ్ళు.

పాపకి ఇంట్లో ఇంకా పేరు పెట్టలేదు. నర్సులే 'పిడికిలి' అని పెట్టుకున్నారు. ఎప్పుడు చూసినా రెండు చేతులూ బిగించే ఉంచుతుంది. పక్క పెట్టెలో పాప 'ఇన్‌స్పెక్టరు'. ఆ పిల్ల కళ్ళు విప్పి, నుదురు ముడిచి, వచ్చేపోయే వాళ్ళందరినీ తనిఖీ చేస్తున్నట్టు చూసేది. ఇన్‌స్పెక్టరు వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. బండి డిపోలో పెట్టేసి యూనిఫారంలోనే వచ్చేవాడు. మహా శ్రద్ధగా కడుక్కునేవాడు, గోళ్ళ సందుల్లోకి నురగ పోయేలా. కడుక్కుని, క్రీము రాసుకుని, వెలుగులో చేతులు తిప్పి చూసుకుని, "సిస్టర్, పాసా?" అని అడిగేవాడు.

"పాస్" అనేది పెద్ద సిస్టర్ కళ్ళజోడు పైనుంచి చూస్తూ. "ఈ వార్డులో మొదటి ర్యాంకు నీదే."

అతను పొంగిపోయేవాడు.

టైలరమ్మకి చేతులు ఊరికే ఉండవు. ఆసుపత్రి వాళ్ళు పెట్టిన టోపీలు వదులుగా ఉండి పిల్లల కళ్ళ మీదికి జారిపోతుంటే ఆమె చూడలేకపోయింది. ఇంట్లో మెత్తబడిన పాత నూలు దుప్పటి ఒకటుంటే కత్తిరించి చిన్న చిన్న టోపీలు కుట్టింది, కుట్లు బయటివైపుకి వచ్చేలా, లోపల ఎక్కడా ఒరుసుకోకుండా. పెద్ద సిస్టర్ ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఉడికించి, ఎండబెట్టి, ఇస్త్రీ చేసి తెస్తానంటేనే" అంది.

"మీరు చెప్పకపోయినా అదే చేస్తాను."

అలా ఆ వార్డులో పిల్లలందరి తలల మీదికీ ఆ నీలం గళ్ళ టోపీలు వచ్చాయి. ఇన్‌స్పెక్టరుకి పెట్టినప్పుడు డ్రైవరు తన ఫోనులో ఫోటో తీసుకుని, "ఇప్పుడు నిజంగానే ఆఫీసరులా ఉంది" అని మురిసిపోయాడు.

పిల్లలు కోలుకుంటున్నారు. పిడికిలి గొట్టంలోంచి తాగే పాలు పెంచారు. కూతురు కూడా లేచి, గోడ పట్టుకుని నడిచి, మొదటిసారి పైకొచ్చి బిడ్డని ఎత్తుకుంది. ఇక ఇంటికెళ్ళడమే తరువాయి అనుకుంటున్న రోజుల్లో, ఒక ఉదయం టైలరమ్మ వచ్చేసరికి వార్డు తలుపు మూసి ఉంది.

తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది. ఇన్‌స్పెక్టరు పెట్టె చుట్టూ మనుషులు. డాక్టరమ్మ వంగి రెండు వేళ్ళతో ఏదో నొక్కుతోంది, ఆగుతోంది, మళ్ళీ నొక్కుతోంది. నర్సు ఒకామె మందు సీసా మూతి విరవబోయి కిందపడేసింది. డ్రైవరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు, చేతులు రెండూ పైకెత్తుకుని, ఇప్పుడే కడుక్కొచ్చి దేన్నీ ముట్టుకోకూడదన్నట్టు.

నిన్న సాయంత్రం ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి టైలరమ్మనే చూసింది. నిన్న సాయంత్రమే.

కాసేపటికి డాక్టరమ్మ నిటారుగా లేచి నిలబడింది. ఇక వంగలేదు.

లోపల ఏం మాట్లాడుకున్నారో టైలరమ్మకి వినపడలేదు. డ్రైవరు నోరు తెరవడం కనపడింది. ఏడుపు కాదు. ఏదో అడుగుతున్నాడు. అడిగిందే మళ్ళీ అడుగుతున్నాడు.

తలుపు తీశాక ఆమె కాళ్ళీడ్చుకుంటూ పిడికిలి దగ్గరికి వెళ్ళింది. పాప వేళ్ళు విప్పుకుని ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచీ ఎన్నడూ విప్పని పిడికిళ్ళు విప్పేసి, అరచేతులు పైకి పెట్టి, బూడిద రంగులో పడుకుని ఉంది. ఊపిరి తీస్తోంది, ఆపేస్తోంది, గుర్తొచ్చినట్టు మళ్ళీ తీస్తోంది.

టైలరమ్మ గాజు మీద అరచేత్తో కొట్టింది. ఆ చప్పుడుకి నర్సు పరిగెత్తుకొచ్చింది.

* * *

ఇన్‌స్పెక్టరు, పిడికిలి, కిటికీ దగ్గర పెట్టెలో మరో బాబు, ముగ్గురికీ ఒకటే జబ్బని తేలింది. రక్తంలో ఇన్ఫెక్షన్. డాక్టరమ్మ కూతుర్నీ అల్లుణ్ణీ టైలరమ్మనీ బయట వరండాలో కూర్చోబెట్టి చెప్పింది.

"ఇది తల్లి నుంచి వచ్చింది కాదు. ఇక్కడే, వార్డులోనే సోకింది. ఏ దారిన వచ్చిందో వెతుకుతున్నాం. పాపకి గట్టి మందులు మొదలుపెట్టాం."

"ఇక్కడా?" అన్నాడు అల్లుడు. "ఇక్కడెలా వస్తుందండీ? ఇక్కడున్నంత శుభ్రం మా ఇంట్లో కూడా లేదు కదా!"

డాక్టరమ్మ "ప్రస్తుతానికి బయటినుంచి వచ్చిన గుడ్డలన్నీ తీసేస్తున్నాం. అనుమానమని కాదు, జాగ్రత్త కోసం" అంది. టైలరమ్మ వైపు మాత్రం చూడలేదు.

టైలరమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళేసరికి ముఖానికి గుడ్డ కట్టుకున్న నర్సులు పిల్లల తలల మీంచి నీలం గళ్ళ టోపీలు కొనవేళ్ళతో తీసి ప్లాస్టిక్ సంచుల్లో వేస్తున్నారు, చచ్చిన ఎలుకల్ని వేసినట్టు. పెద్ద సిస్టర్ అక్కడే నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నిజం చెప్పండి" అంది. "ఉడికించారా లేదా?"

"ఉడికించానమ్మా."

"అన్నీ?"

"అన్నీ. నా మనవరాలి మీద ఒట్టు."

"ఒట్లు నాకెందుకు! ఆ గుడ్డ ఇంట్లో ఎక్కడ పడి ఉందో, ఏం పాకిందో! ఒప్పుకున్నందుకు నన్ననుకోవాలి" అని పెద్ద సిస్టర్ గొంతు ఒక్కసారిగా లేచింది. "ఎవరడిగారమ్మా మిమ్మల్ని టోపీలు?"

పిల్లల తల్లులూ తండ్రులూ అందరూ అటు తిరిగి చూశారు. టైలరమ్మ ఆ చూపుల్లోంచి ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియదు.

క్రిములు పరీక్షించే డాక్టరొకాయన పెట్టె పట్టుకొచ్చి వార్డంతా దూదిపుల్లలతో తుడుస్తున్నాడు. కుళాయిలు, తూకం యంత్రం, గాజు పెట్టెల తలుపులు, ఫోను. వరండాలోకి వచ్చి, "అమ్మా, మీ చేతులు ఒకసారి" అన్నాడు మర్యాదగానే. గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, ఆ గరుకు చూపుడువేలి కొసన పుల్ల తిప్పి తీసుకున్నాడు. అందరి ముందూ ఆమె చేతులు చాపి నిలబడింది.

ఆ పక్కనే కుర్చీలో కూర్చున్న కూతురు అంతా చూసింది. ఆయన వెళ్ళిపోయాక, "అమ్మా" అంది. "నువ్వు కొన్నాళ్ళు రాకు."

"నేనేం చేశానే?"

"ఏం చేశావో నాకేం తెలుసు? నువ్వు కుట్టకుండా ఉండలేవు. ఏదున్నా కత్తిరించాలి, కుట్టాలి. ఎవరడిగారు? పక్కవాళ్ళ పిల్ల చచ్చిపోయిందమ్మా! రేపు నా పిల్ల..." అని అక్కడితో ఆగిపోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అల్లుడు లేచి, "నేను దిగబెడతాను రండత్తయ్యా" అన్నాడు.

* * *

ఇంటి ముందుగదిలోనే ఆమె కుట్టుమిషను. బడి యూనిఫారాలు, పొట్టి చెయ్యాల్సిన ప్యాంట్లు గుట్టగా పడి ఉన్నాయి. మిగిలిన దుప్పటి ముక్క మిషను మీదే ఉంది. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అణువణువూ వెతికింది. మరక లేదు, చిరుగు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఎండ వాసన. నిజంగా అన్నీ ఉడికించానా అని తనని తానే అడిగింది. చివర్లో కుట్టిన రెండూ? ఉడికించింది. గిన్నె మీద మూత పెట్టిన సంగతి కూడా గుర్తుంది. అయినా అడిగినకొద్దీ గుర్తున్నదే అనుమానమైపోతోంది.

అల్లుడు రోజూ ఫోన్ చేసి, "అలాగే ఉందత్తయ్యా" అని రెండు ముక్కలు చెప్పి పెట్టేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం గుమ్మంలో నీడ పడితే ఎవరో బట్టలకొచ్చారనుకుంది. బస్సు డ్రైవరు. గడ్డం మాసిపోయి ఉంది. యూనిఫారం కాకుండా మామూలు చొక్కాలో చూస్తే ఆమె ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది.

లోపలికి రమ్మన్నా రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఆ గుడ్డ ఎక్కడిదండీ?" అని అడిగాడు.

"మా ఇంట్లోదే బాబూ. పాత దుప్పటి."

"ఎవరు కప్పుకున్నది?"

"నేనే."

"మీకేమైనా జబ్బుందా?"

"లేదు బాబూ."

అతను తలూపాడు. కోప్పడలేదు. అరిచినా బాగుండేదనిపించింది ఆమెకి. ఫోను తీసి ఆ ఫోటో చూపించాడు. నీలం గళ్ళ టోపీలో నుదురు ముడిచిన పాప. "మా దగ్గరున్న ఫోటో ఇదొక్కటే. నా భార్య చూస్తానంటుంది. టోపీ కనపడకుండా కత్తిరించమంటుంది. కత్తిరిస్తే నుదురు పోతుంది" అన్నాడు.

ఆమె గుమ్మం పట్టుకుని అలాగే చతికిలబడిపోయింది. లేచేసరికి అతను వీధి మలుపు దాటేశాడు.

* * *

ఆసుపత్రి నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది. ఆ వార్డులో ఉన్న పిల్లల కుటుంబాలన్నీ రావాలట. టైలరమ్మ రానంది. అల్లుడే వచ్చి బలవంతంగా తీసుకెళ్ళాడు.

ప్లాస్టిక్ కుర్చీలు వేసిన పెద్ద గది. ఆమె చివరి వరసలో గోడ పక్కన కూర్చుంది. కూతురు ముందు వరసలో ఉంది, తిరిగి చూసింది గానీ లేచి రాలేదు. డ్రైవరూ అతని భార్యా తలుపు దగ్గరే కూర్చున్నారు. ముందు బల్ల వెనక ఆసుపత్రి పెద్దాయన, డాక్టరమ్మ, క్రిముల డాక్టరు. పక్కగా పెద్ద సిస్టర్.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "నెలలు తక్కువ పిల్లల్లో రోగనిరోధక శక్తి తక్కువ. మనం ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఇలాంటివి అక్కడక్కడా జరుగుతుంటాయి. మూలం ఏంటో కనుక్కున్నాం, తొలగించాం. ఇక భయపడాల్సిందేమీ..."

"టోపీలేనా?" అని డ్రైవరు అక్కడినుంచే అడిగాడు.

పెద్దాయన ఏదో అనబోయాడు. ఈలోగా పెద్ద సిస్టర్ లేచి నిలబడింది.

"టోపీలు కాదు. టోపీల్లో ఏమీ లేదు. ఆవిడ చేతుల్లోనూ లేదు. సీసాలో ఉంది."

"ఏ సీసా?"

"చేతులకి రాసుకునే క్రీము సీసా. సింకు పక్కన నేను పెట్టింది."

పెద్దాయన "కూర్చోండి సిస్టర్" అన్నాడు లోగొంతుకతో. ఆవిడ కూర్చోలేదు. కళ్ళజోడు తాడు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ చెప్పింది. సీసాలో క్రీము తగ్గినప్పుడల్లా పూర్తిగా అయిపోనిచ్చి కడిగి నింపాల్సింది. తనేమో ఆ మిగిలిన దాని మీదే కొత్తది పోసేది. అడుగున చేరిన క్రిమి అడుగునే పెరుగుతూ వచ్చింది. అందరూ సబ్బుతో కడుక్కుని క్రిముల్ని పోగొట్టుకుని, వెంటనే ఆ సీసా నొక్కి మళ్ళీ చేతులనిండా పట్టించుకుని పిల్లల దగ్గరికి వెళ్ళారు.

"ఈ క్రిముల డాక్టరుగారు అన్నీ పరీక్షించారు, ఎక్కడా దొరకలేదు. వెళ్ళిపోబోతూ చేతులు కడుక్కున్నారు. నేనే అన్నాను, క్రీము రాసుకోండి సార్ అని. నొక్కి, రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయి సీసా వంక చూశారు" అంది పెద్ద సిస్టర్.

డ్రైవరు లేచాడు. కొడతాడేమోనని ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. అతను తన రెండు చేతులూ ముఖం ముందు పెట్టుకుని చూసుకుంటున్నాడు.

"అంటే, కడుక్కున్నాకే అంటుకుందా?"

అతను పెద్ద సిస్టర్ వైపు తిరిగాడు.

"నేను కడుక్కోకుండా ముట్టుకునుంటే నా కూతురు బతికుండేదా? చెప్పండి సిస్టర్. మొదటి ర్యాంకు అన్నారు కదా నన్ను."

"అలా అనుకోకూడదండీ" అంది డాక్టరమ్మ కంగారుగా. "కడుక్కోకపోతే ఇంకో దారిన వచ్చేది. ఎవరి చేతినుంచి వెళ్ళిందో ఎప్పటికీ చెప్పలేం. బహుశా మాలోనే ఎవరిదో..."

అతని భార్య అప్పటిదాకా తలవంచుకునే ఉంది. భర్త చొక్కా పట్టుకుని లాగి కూర్చోబెట్టి, అతని చేతులు రెండూ దించి తన ఒళ్ళో పెట్టుకుని గట్టిగా మూసేసింది, వాటిని అతను చూడకుండా.

నింద పోయిందన్న మాట విన్నాక గుండెల మీది బరువు దిగుతుందనుకుంది టైలరమ్మ. దిగలేదు. కళ్ళ ముందు ఆ తెల్ల సీసాయే కదులుతోంది. అందరూ ఒక్కసారి నొక్కితే తను రెండుసార్లు నొక్కేది. గరుకు వేళ్ళు మెత్తబడాలని గోళ్ళ దాకా పట్టించి, ఆ చేతులతోనే పిడికిలి వీపు నిమురుతూ కూర్చునేది. ఇన్‌స్పెక్టరు ఏడిస్తే నర్సులు పనిలో ఉన్నారు కదా అని పెట్టెలో చెయ్యి పెట్టి జో కొట్టింది కూడా. ఒకసారా రెండుసార్లా!

అందరూ లేచి వెళ్ళిపోతున్నారు. పెద్ద సిస్టర్ కుర్చీలు తప్పించుకుంటూ చివరి వరసకి వచ్చింది. దగ్గరికొచ్చాక ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడిపోయింది.

"నలుగురిలో అన్నాను మిమ్మల్ని" అంది. "నలుగురిలోనే చెప్పాలనుకున్నాను. క్షమించమని అడగడానికి కూడా నాకు ముఖం లేదు."

టైలరమ్మ ఆవిడ చేతుల వంక చూసింది. పగిలి, ఎర్రగా, కణుపుల దగ్గర పొరలు లేచిపోయి ఉన్నాయి. సీసా తీసేశాక మళ్ళీ అలా అయ్యాయి.

"మీరు నోరు విప్పకపోతే ఆ పెద్దాయన చెప్పేవాడా?" అని అడిగింది.

పెద్ద సిస్టర్ తల అడ్డంగా ఊపింది. టైలరమ్మకి ఆవిడ మీద కోపం తెచ్చుకోవాలని ఉంది. తెచ్చుకోవడానికి బలం లేకపోయింది. "వెళ్ళండమ్మా, పిల్లల్ని చూసుకోండి" అంది. చూసుకోనివ్వరని ఇద్దరికీ తెలుసు. మర్నాటినుంచే ఆవిడని సెలవు మీద పంపేశారు. తర్వాత ఆవిడ మళ్ళీ ఏ వార్డులోనూ కనపడలేదని నర్సులు చెప్పుకున్నారు.

బయట మెట్ల దగ్గర కూతురు ఆగి ఉంది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "అమ్మా, నిన్ను అనరాని మాటన్నాను" అని చెయ్యి పట్టుకోబోయింది.

టైలరమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది. "పట్టుకోకు. నేను రోజూ రాసుకున్నానే ఆ క్రీము. అందరికన్నా ఎక్కువ రాసుకున్నాను. నా చేతుల్లోంచే వెళ్ళిందేమో దానికి. ఆ డ్రైవరు పిల్లక్కూడా నేనే..."

కూతురు అలాగే నిలబడి తల్లిని చూసింది.

"నేనూ రాసుకున్నానమ్మా" అంది చివరికి. "మొదటిసారి పైకొచ్చి ఎత్తుకున్నప్పుడు. పాపకి మెత్తగా ఉండాలని."

ఇద్దరూ మెట్ల మీదే కూర్చుండిపోయారు. జనం పక్కనుంచి దారి చేసుకుని దిగుతున్నారు. అల్లుడు టీ తెచ్చిచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, చల్లారిపోతుందని నాలుగుసార్లు చెప్పాడు.

* * *

కిటికీ దగ్గరి బాబు బతికాడు. పిడికిలీ బతికింది. మందులు పడ్డాక ఒకరోజు సూది గుచ్చబోతే వేళ్ళు ముడిచి బిగించిందట. చూసిన నర్సు కిందికి పరిగెత్తి కూతురికి చెప్పింది, కూతురు తల్లికి ఫోన్ చేసింది. మాట్లాడలేక ఫోనులో ఇద్దరూ ఏడ్చారు.

కూతురు పాపతో పుట్టింటికి వచ్చాక కూడా టైలరమ్మ దాన్ని ఎత్తుకోలేదు. ఉతికేది, వండేది, పాల సీసాలు ఉడికించేది. కూతురు చేతికివ్వబోతే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచిపోయేది. "నడుం పట్టేసిందే", "చెయ్యి నూనెగా ఉందే" అని రోజుకో సాకు. కూతురు ఒకరోజు విసిగిపోయి, "నేను ఎత్తుకోవడం లేదూ? నేనూ రాసుకున్నానుగా!" అంది. టైలరమ్మ మిషను దగ్గరికెళ్ళి కూర్చుంది.

ఆ చలికాలం పోయాక ఒక ఆదివారం మధ్యాహ్నం డ్రైవరు వచ్చాడు. కూతురు స్నానానికి వెళ్ళింది. పాప మంచం మీద కాళ్ళాడిస్తోంది. ఈసారి యూనిఫారంలో ఉన్నాడు, గడ్డం గీసుకున్నాడు. మళ్ళీ డ్యూటీలో చేరానని చెప్పాడు. నిలబడే కాసేపు ఎండ గురించీ రోడ్డు పనుల గురించీ మాట్లాడాడు. ఆనాడు గుమ్మంలో అడిగిన మాటల ఊసెత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

"పాపని ఒకసారి ఎత్తుకోవచ్చా?" అన్నాడు ఉన్నట్టుండి.

"దానికేం బాబూ, చేతులు కడుక్కుని..." అనేసింది టైలరమ్మ.

అని నాలుక్కరుచుకుంది. ఏ ఇంట్లోనైనా ఏ ముసలమ్మైనా అనే మాటే అది. అతను బిగుసుకుపోయాడు. ఆమె కళ్ళెత్తి చూడలేకపోయింది. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. పాప మాత్రం ఏదో ఊసులు చెప్పుకుంటోంది.

"సింకు ఎక్కడండీ?" అని అడిగాడు డ్రైవరు.

చెయ్యెత్తి వంటగది వైపు చూపించింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదలైంది. ఇక ఆగదేమోనని ఆమెకి భయమేసి లేచి వెళ్ళింది. అతను సబ్బు నురగలో చేతులు పెట్టుకుని వాటినే చూస్తూ నిలబడి ఉన్నాడు.

"చాలు బాబూ" అంది టైలరమ్మ. కుళాయి తానే కట్టేసి, తుండుగుడ్డ అందించింది. అతను అందుకోలేదు. ఆమె ఒక్క క్షణం ఆగి, తనే అతని చేతులు రెండూ పట్టుకుని, వేలు తర్వాత వేలు, తడి లేకుండా తుడిచింది.

ఇద్దరూ ముందుగదిలోకి వచ్చారు. ఆమె మంచం దగ్గరికి వెళ్ళి, వంగి, మెడ కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి మనవరాలిని ఎత్తింది. ఎంత బరువెక్కిందో అప్పుడు తెలిసింది. ఒక్కసారి గుండెకి అదుముకుని, తర్వాత అతనికిచ్చింది. పసిపిల్లని ఎలా పట్టుకోవాలో అతను మరిచిపోలేదు.

కూతురు తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చి వాళ్ళని చూసింది. ఓ కుర్చీ తెచ్చి అతని వెనకాల వేసింది.